గోడ కడుపులో నీళ్ళు: స్కాట్లాండ్‌లో ఒక టవర్ హౌస్ కేసు

గోడ పడిపోయేలా ఉందని మమ్మల్ని పిలిచారు. చూడ్డానికి వచ్చిన ప్రతి ఒక్కరూ పునాది వైపే చూశారు, లోపం మాత్రం గోడ నెత్తిన ఉంది. ఆ సంగతి తేలడానికి పట్టిన కాలం, ఒక్కో నిర్ణయం వెనకున్న లెక్క, పనికిరాక వదిలేసినవి, ఇవన్నీ పాత రాతి కట్టడాల మీద పనిచేసే మనవాళ్ళకు ఉపయోగపడతాయని రాస్తున్నాను. చోటు పేరు, యజమాని వివరాలు, కచ్చితమైన కొలతలు కావాలనే వదిలేశాను. దక్షిణ స్కాట్లాండ్‌లో, ఇంగ్లాండ్ సరిహద్దుకు మరీ దూరం కాని ఒక లోయ అనుకోండి, చాలు.

నేపథ్యం

టవర్ హౌస్ అంటే గోల్కొండలాగా ప్రాకారాలూ దర్వాజాలూ ఊహించుకోవద్దు. ఒక భూస్వామి కుటుంబం భద్రత కోసం అడ్డంగా కాకుండా నిలువుగా కట్టుకున్న ఇల్లు అది. కింద రాతి కమాను కప్పు ఉన్న చీకటి గది, సామాన్ల కోసం. దాని మీద హాలు, ఆ పైన పడకగదులు, అన్నిటినీ కలుపుతూ ఒక మూలలో గుండ్రంగా తిరుగుతూ పైకెక్కే మెట్లు. 14వ శతాబ్దం నుంచి 17వ శతాబ్దం దాకా స్కాట్లాండ్ అంతటా ఇలాంటివి కట్టారు. గాలోవేలో డీ నది మధ్య లంక మీద ఉన్న త్రీవ్ కోట 1370 ప్రాంతంలో ఆర్చిబాల్డ్ డగ్లస్ కట్టించింది, అబర్డీన్‌షైర్‌లోని క్రెయిగీవార్ కోట 1626కి గానీ పూర్తి కాలేదు. సరిహద్దు ప్రాంతంలో పశువుల దోపిడీలు ఎంతగా ఉండేవంటే, 1535లో స్కాట్లాండ్ పార్లమెంటే ఒక చట్టం చేసింది: వంద పౌండ్ల విలువైన భూమి ఉన్న ప్రతి భూస్వామీ 60 అడుగుల చదరానికి రాతి ప్రహరీ కట్టాలి, అవసరమైతే అందులో టవరూ కట్టుకోవాలి. 1603లో రెండు దేశాలకూ ఒకే రాజు వచ్చాక ఆ భయం మెల్లగా తగ్గింది, చాలా కుటుంబాలు సుఖంగా ఉండే ఇళ్ళు కట్టుకుని వెళ్ళిపోయాయి.

మా టవర్ 16వ శతాబ్దం చివరిది. గోడలు గ్రేవాకీ అనే గట్టి బూడిదరంగు రాయితో కట్టారు, మూలలకూ కిటికీ అంచులకూ మాత్రం ఎర్ర ఇసుకరాయి. మందం మీటరున్నర పైనే. అయితే ఆ మందమంతా ఒకే రాయి కాదు: బయట ఒక వరస, లోపల ఒక వరస, మధ్యలో చిన్నాపెద్దా రాళ్ళూ సున్నమూ కలిపి నింపిన కూరుడు. ఈ కేసు మొత్తం ఆ కూరుడు చుట్టూనే తిరుగుతుంది. కప్పు పోయి తరాలైంది. 20వ శతాబ్దం మధ్యలో ఎవరో మంచి ఉద్దేశంతోనే రాళ్ళ సందులన్నీ సిమెంటుతో పూడ్చి, గోడ నెత్తిన కాంక్రీటు పోశారు.

చట్టం సంగతి కొంచెం చెప్పాలి. బ్రిటన్‌లో 1979 నాటి పురాతన కట్టడాల చట్టం కింద ఇలాంటి కట్టడాన్ని షెడ్యూల్ చేస్తారు, అంటే రక్షిత కట్టడాల జాబితాలో చేరుస్తారు. ఆ తర్వాత చిన్న మరమ్మతుకైనా ముందుగా అనుమతి కావాలి. స్కాట్లాండ్‌లో ఆ అనుమతి చూసేది 2015లో ఏర్పడిన హిస్టారిక్ ఎన్విరాన్‌మెంట్ స్కాట్లాండ్. మన దగ్గర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధం, ఆపైన 200 మీటర్లు నియంత్రణ అని గీత గీసినట్టు ఇక్కడ ఉండదు. మ్యాపులో గీసిన హద్దు లోపల మాత్రం నేల కింద ఉన్నదీ రక్షణలోనే ఉంటుంది. ఇంకో విచిత్రం ఏంటంటే, అనుమతి లేకుండా ముట్టుకుంటే నేరం గానీ, అసలు పట్టించుకోకుండా వదిలేస్తే ఆ చట్టం ప్రకారం యజమాని మీద తప్పేమీ లేదు. బాగుచేద్దామని వచ్చే యజమాని విలువ అందుకే నాకు చాలా ఎక్కువ.

పిలిచినప్పటి పరిస్థితి

ఒక చలికాలం గడిచాక పడమటి గోడ పైభాగం నుంచి రాళ్ళు రాలాయి. ఆ కింద గోడ బయటికి ఉబ్బి కనిపిస్తోంది, ఉబ్బుకు రెండు పక్కలా నిలువు పగుళ్ళు. స్కాట్లాండ్‌లో 2003 నాటి భూ సంస్కరణ చట్టం ప్రకారం పొలాల గుండా, కొండల మీదుగా ఎవరైనా బాధ్యతగా నడిచి వెళ్ళొచ్చు, కాబట్టి ఆ టవర్ కిందికి మనుషులు రోజూ వస్తారు. యజమానికి టెన్షన్ అక్కడే. ఆయన ముందు రెండు ఆలోచనలు ఉన్నాయి. ఒకటి, ఉబ్బిన భాగం పైనుంచి కూల్చేసి పీడ వదిలించుకోవడం. రెండోది, ఎలాగూ డబ్బు పెట్టాలి కాబట్టి కప్పు వేసి, అంతస్తులు పెట్టి, సెలవులకు వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చే ఇల్లుగా మార్చడం.

ముందు మనుషుల భద్రత. ప్రాణాపాయం ఉన్నప్పుడు అత్యవసరమైనంత మేరకు అప్పటికప్పుడు పని చేసి, వెంటనే కారణాలతో లిఖితపూర్వకంగా తెలియజేసే వెసులుబాటు చట్టంలోనే ఉంది. కానీ "అత్యవసరమైనంత మేరకు" అన్న మాటను మేం గట్టిగా పట్టుకున్నాం. గోడకు దూలాలతో ఆసరా పెడదామని కాంట్రాక్టర్ అన్నాడు. ఆసరా నిలవాలంటే నేలలో గుంతలు తవ్వాలి, ఆ నేలలో పాత ప్రహరీ పునాదులు, ఇంకా ఏమేమో ఉండొచ్చు. పైగా ఉబ్బిన వరసను బయటినుంచి నెట్టి పట్టుకుంటే ఆ బలం ఎక్కడికి పోతుందో మాకు అప్పటికి తెలియదు. అందుకని ఆసరా వద్దనుకుని, గోడకు తగినంత దూరంలో కంచె పెట్టాం. ఆ కంచె స్తంభాలు కూడా పాతలేదు, నేల మీద ఆనించిన కాంక్రీటు దిమ్మెల బరువుతో నిలబెట్టాం. ఉబ్బిన చోటికి మనుషులు రాకుండా చేస్తే ఆలోచించుకోవడానికి వ్యవధి దొరుకుతుంది.

పునాదా, నీళ్ళా?

అందరికీ ముందు తోచింది పునాదే. వాగు దగ్గర్లో ఉంది, నేల కుంగి ఉంటుందన్నారు. నాకు నమ్మకం కుదరలేదు, ఎందుకంటే పగుళ్ళు పైన వెడల్పుగా ఉండి కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, కమాను గది మట్టానికి వచ్చేసరికి మాయమవుతున్నాయి. పునాది కుంగితే మొదట నోరు తెరిచేది కమాను నడినెత్తి. అది చెక్కుచెదరలేదు. ఇంకో ఆధారం గోడ లోపలి వైపున దొరికింది: లోపలి వరస తూకంగా, నిటారుగా నిలబడి ఉంది. అంటే మొత్తం గోడ ఒరగలేదు, బయటి వరస ఒక్కటే కూరుడు నుంచి విడిపోయి బయటికి వస్తోంది. సుత్తితో మెల్లగా తట్టి చూస్తే ఆ మేరంతా డొల్ల మోత.

కట్టిన రోజుల్లో పరంజా కర్రల కోసం వదిలిన చదరపు బొక్కలు ఈ గోడల్లో ఉంటాయి. వాటిలోంచి సన్నని కెమెరా పంపించాం, అందుకు ఏదీ తొలచాల్సిన పనిలేదు. లోపల కనిపించింది ఇది: రాళ్ళు వదులుగా ఒకదాని మీద ఒకటి ఆని ఉన్నాయి, వాటి మధ్య ఉండాల్సిన సున్నం లేదు, ఇసుక మాత్రం తడి బురదలా అడుగున పేరుకుంది. మరి సున్నం ఎక్కడికి పోయింది? కమాను గదిలోకి వెళ్ళి టార్చి వేసి పైకి చూస్తే సమాధానం దొరికింది. కప్పు రాళ్ళ సందుల వెంట తెల్లటి పూత, అక్కడక్కడా వేలెడంత పొడవున సన్నగా వేలాడుతున్న తెల్లని ఊడలు. వాననీటిలో కరిగి దిగిన సున్నం కింద మళ్ళీ గడ్డకడుతోంది. గోడను కట్టి ఉంచాల్సిన పదార్థం కప్పు నుంచి వేలాడుతోందన్నమాట.

అప్పుడు గోడ నెత్తికి ఎక్కాం. కాంక్రీటు అడ్డంగా చాలాచోట్ల పగిలింది. కాంక్రీటు ఎండకూ చలికీ కదిలినట్టు కింద సున్నపు గోడ కదలదు, ఆ రెండింటి మధ్యా ఎక్కడో ఒకచోట పగలక తప్పదు. ప్రతి పగులూ ఒక గరాటు అయింది. దిగిన నీరు బయటికి ఆరిపోవాలంటే రాళ్ళ సందులే దారి, వాటిని సిమెంటు మూసేసింది. దాంతో నీళ్ళు గోడ కడుపులోనే ఉండి, చలికాలంలో గడ్డకట్టి, ఉబ్బి, బయటి వరసను ఏటా కొంచెం కొంచెం నెట్టాయి. మూలల్లోని ఎర్ర ఇసుకరాయి చూస్తే ఇది ఇంకా స్పష్టంగా అర్థమైంది: ఊపిరాడే దారి రాయే కావడంతో ఉప్పూ తడీ రాతిలోంచే బయటికి వచ్చి, రాయి పొడిపొడిగా రాలి లోపలికి పోయింది, సిమెంటు గీతలు మాత్రం అరల్లా బయటికి పొడుచుకుని నిలబడ్డాయి. మరమ్మతు మిగిలింది, మరమ్మతు చేసిన రాయి పోయింది.

నన్ను పూర్తిగా ఒప్పించింది ఒక పాత ఫోటో. కాంక్రీటు పోయకముందు తీసింది. అందులో గోడ నెత్తిన దట్టంగా గడ్డి మొలిచి ఉంది, పడమటి గోడ తిన్నగా ఉంది. కప్పు లేకుండా అన్ని తరాలు వానలో నిలబడి కూడా ఉబ్బని గోడ, నెత్తిన కాంక్రీటు వేశాక కొన్ని దశాబ్దాల్లోనే ఉబ్బింది.

కప్పు ఆలోచన ఎందుకు ఆగింది

యజమాని అడిగిన ప్రశ్న న్యాయమైనదే. "నీళ్ళే సమస్య అయితే కప్పు వేసేయొచ్చు కదా, ఇల్లంటే కప్పు ఉండాలి కదా?" స్కాట్లాండ్‌లో శిథిల టవర్లను ఇళ్ళుగా మార్చుకున్న ఉదాహరణలు చాలానే ఉన్నాయి. మరోవైపు మొయిడార్ట్ తీరంలోని టియోరమ్ కోటను నివాసంగా మార్చాలన్న ప్రతిపాదన బహిరంగ విచారణ దాకా వెళ్ళి తిరస్కరణకు గురైంది. కాబట్టి ఫలితం కట్టడాన్ని బట్టి ఉంటుంది. దరఖాస్తు పెట్టకముందే అధికారులతో కూర్చుని మాట్లాడాం. వాళ్ళు అడిగినవి సూటి ప్రశ్నలు: అసలు కప్పు ఏ ఆకారంలో ఉండేదో ఆధారం ఏది? కొత్త అంతస్తుల బరువు ఏ రాళ్ళ మీద పడుతుంది? అగ్నిప్రమాదం వస్తే బయటపడే రెండో దారి కోసం మీటరున్నర గోడను ఎక్కడ కోస్తారు? కరెంటు, డ్రైనేజీ కాలువలు ఏ నేల గుండా తవ్వుతారు? గోడ నెత్తిన మిగిలిన ఆధారాలు రెండు వేర్వేరు కాలాల కప్పులను సూచిస్తున్నాయి, ఏదో ఒకటి ఎంచుకుంటే రెండోదాని ఆనవాళ్ళు చెరిగిపోతాయి. సంస్థ విధానంలో మూలసూత్రం కూడా అదే: కట్టడపు విలువను నిలబెట్టడానికి ఎంత అవసరమో అంతే జోక్యం.

ఈ ప్రశ్నలను అడ్డంకిగా చూసే ఇంజనీర్లను చాలామందిని చూశాను. నా అనుభవం వేరు. ఆ ప్రశ్నలకు జవాబులు వెతుకుతూనే మేం గోడ నెత్తిని రాయి రాయిగా గీసుకున్నాం. ఆ డ్రాయింగే లేకపోతే కాంక్రీటు పగుళ్ళూ కింద డొల్లగా మోగిన చోట్లూ ఒకదాని కింద ఒకటి సరిగ్గా ఉన్నాయన్నది బయటపడేది కాదు. కప్పు వద్దని యజమానికి ఎవరూ ఆదేశం ఇవ్వలేదు. అదే డబ్బుతో గోడను నిలబెట్టొచ్చని తెలిశాక ఆయనే ఆ ఆలోచన పక్కన పెట్టారు.

ప్రయత్నించినవి, పనికిరానివి

అనుమతి తీసుకుని, కనిపించని మూలల్లో చిన్న చిన్న నమూనాలు చేసి ఒక చలికాలం వదిలేశాం.

మొదటిది, బయటి వరసను విప్పకుండా పలుచటి సున్నపు ద్రవాన్ని గోడలోకి ఎక్కించడం. కాగితం మీద ఇదే అతి తక్కువ జోక్యం, రాయి కదపక్కర్లేదు. కానీ డొల్లలన్నీ తడి బురదతో నిండి ఉండటంతో ద్రవం వెళ్ళాల్సిన చోటికి వెళ్ళకుండా కింద ఇంకో సందులోంచి కారిపోయింది. ఒత్తిడి పెంచుదామా అంటే, ఇప్పటికే విడిపోయిన వరసను ఆ ద్రవమే ఇంకాస్త బయటికి నెట్టే ప్రమాదం. అక్కడితో ఆపేశాం. తక్కువ జోక్యం అనిపించేది ప్రతిసారీ తక్కువ నష్టం చేస్తుందని అనుకోకూడదు.

రెండోది, సందులు నింపడానికి బాగా గట్టిపడే రకం హైడ్రాలిక్ సున్నం. తడిలోనూ త్వరగా గట్టిపడుతుంది, మేస్త్రీలకు పని సులువు. వసంతం వచ్చేసరికి మెత్తని ఇసుకరాయి పక్కన అంచుల వెంట వెంట్రుకంత సందు ఇచ్చి విడిపోయింది. సిమెంటంత మొండిది కాదు గానీ ఆ రాయికి ఎక్కువ గట్టిదే.

మూడోది గోడ నెత్తిని రాళ్ళూ సున్నమూ పరిచి వాలుగా కట్టడం. చూడ్డానికి చక్కగా ఉంది, కానీ ఆ ఎత్తున గాలి, వాన, మంచు వరసగా కొట్టే చోట దాని మీద సన్నని పగుళ్ళు మొదటి చలికాలంలోనే కనిపించాయి. కాంక్రీటు చేసిన పనినే ఇది కాస్త నెమ్మదిగా చేస్తుందనిపించింది.

పనిచేసింది

ఉబ్బిన బయటి వరసను విప్పి మళ్ళీ కట్టాలని నిర్ణయించాం. ప్రతి రాయికీ నంబరు, ఫోటో, డ్రాయింగులో దాని చోటు. పురావస్తు నిపుణురాలు పరంజా మీదే ఉన్నారు. కూరుడులో దొరికిన పాత సున్నపు పెళ్ళల్లో చిన్న బొగ్గు ముక్కలు కనిపిస్తే వాటిని విడిగా సంచుల్లో దాచారు, సున్నం కాల్చిన బట్టీలోని కట్టె తాలూకు ఆ ముక్కలతో కట్టడపు కాలాన్ని అంచనా వేయొచ్చు. అనుమతి షరతుల్లో అది ఒకటి, నాకు మాత్రం అది షరతుగా అనిపించలేదు.

పాత సున్నాన్ని ల్యాబులో పరీక్షించి, దానికి దగ్గరగా ఉండే మిశ్రమం ఎంచుకున్నాం: కాల్చిన సున్నాన్నీ ఇసుకనూ కలిపి ఆ తర్వాతే నీళ్ళు పోసి ఉడికించే పద్ధతి. గుట్ట పొగలు కక్కుతూ ఉబ్బుతుంది, కళ్ళద్దాలూ గ్లౌజులూ లేకుండా దగ్గరికి వెళ్ళకూడదు. తాపీకి జిగురుగా పట్టుకుంటుంది, ఆరాక తడిని తనలోంచి బయటికి పోనిస్తుంది. మన డంగు సున్నం తయారీ వేరు, గానుగలో నూరేది, కానీ వాడే కారణం ఒకటే. హైదరాబాద్‌లో కుతుబ్ షాహీ సమాధుల మీద గత శతాబ్దంలో వేసిన సిమెంటును తీసి మళ్ళీ సున్నం వేశారు కదా, అక్కడ పనిచేసిన మేస్త్రీలకు ఈ పరంజా మీద ఏదీ కొత్తగా అనిపించదు.

పెద్ద రాళ్ళ మధ్య సందుల్లో వట్టి సున్నం దట్టించకుండా చిన్న రాతి చిప్పలు బిగించి కొట్టాం. ఎక్కువ మందంలో సున్నం కుంచించుకుపోతుంది, చిప్పలు ఆ కుదింపును పంచుకుంటాయి. బయటి వరసను కూరుడుకు కట్టిపడేయడానికి అక్కడక్కడా పొడవాటి రాళ్ళు లోపలికంటా దూర్చాం. సిమెంటును ఉలితో, చేత్తోనే తీశాం. అయితే రాయికి గట్టిగా అతుక్కుని, తీస్తే రాతి అంచు విరిగేలా ఉన్నచోట్ల అలాగే వదిలేశాం. సిమెంటు మీద కోపం ఉండొచ్చు, ఆ కోపం రాయి మీద చూపించకూడదు.

నెత్తిన కాంక్రీటు తీసేసి, కూరుడును సున్నంతో సర్ది, పైన బంకమన్ను పరిచి పచ్చిక పెళ్ళలు వేశాం. పాత ఫోటోలో ప్రకృతి తనంతట తాను చేసిన పనే ఇది. మట్టీ గడ్డీ వానను స్పాంజిలా పీల్చుకుని నెమ్మదిగా వదులుతాయి, కింది రాళ్ళకు మంచుదెబ్బ తగ్గిస్తాయి. "గోడ మీద చెట్టు మొలిస్తే పీకుతాం, మరి గడ్డి మీరే వేస్తారా?" అని యజమాని అడిగారు. తేడా వేళ్ళలో ఉంది. గడ్డి వేళ్ళు పైపైన అల్లుకుంటాయి, ఐవీ తీగా రావి మొక్కలాంటి చెట్ల వేళ్ళూ సందుల్లోకి దిగి రాయిని విడదీస్తాయి.

అన్నిటికంటే తల పట్టుకునేలా చేసింది క్యాలెండర్. సున్నం పని ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే క్షేమం, అయిదు డిగ్రీల కంటే చలి పడితే గట్టిపడదు, గట్టిపడకముందు మంచు కొడితే పొడైపోతుంది. గబ్బిలాలు పిల్లలను పెంచేదీ ఆ వేసవి నెలల్లోనే. వాటికి ఇక్కడ చట్టరక్షణ గట్టిగా ఉంది, లైసెన్సు లేకుండా వాటి నివాసాన్ని కదపడం నేరం. సర్వేలో అవి కమాను గది సందుల్లో ఉన్నాయని తేలింది, పడమటి గోడ పైభాగంలో లేవు. కాబట్టి పైపని వేసవిలో చేసి, కమానును పూర్తిగా వదిలేశాం. కొత్త సున్నానికి గోనెపట్టాలు కప్పి, ఎండ కాసిన రోజుల్లో వాటిని తడుపుతూ, సెప్టెంబరు చివరికల్లా తడిపని ఆపేశాం.

ఫలితం, నేర్చుకున్నవి

తర్వాతి చలికాలంలో పగుళ్ళ కదలికను కొలవడానికి పెట్టిన గేజీల్లో మార్పేమీ లేదు. కమాను కింద నీటిచుక్కలు వెంటనే ఆగలేదు, అంత మందపు గోడలోని తడి ఆరడానికి ఏళ్ళు పడుతుందని యజమానికి ముందే చెప్పాం. దక్షిణపు అంచున పచ్చిక ఎండిపోయి కొన్ని పెళ్ళలు మళ్ళీ వేయాల్సి వచ్చింది, అక్కడ మట్టి మందం పెంచాం.

ఇలాంటి గోడ దగ్గరికి వెళ్ళే జూనియర్లకు నేను చెప్పేది: పగులు కొలవకముందు నీళ్ళు ఎక్కడ దిగి ఎక్కడ బయటికొస్తున్నాయో గీసుకోండి, అది వాన పడుతున్న రోజున గీయండి. పాత మరమ్మతు ఎప్పుడు జరిగిందో కనుక్కుని, దెబ్బ దానికి ముందుదా తర్వాతదా అని చూడండి. నమూనాకు ఒక పూర్తి చలికాలం ఇవ్వండి, క్లయింటు తొందరపెట్టినా సరే. కంచె ఖర్చు తక్కువ, తప్పు మరమ్మతు ఖర్చు మీ మనవల తరం దాకా ఉంటుంది.

డ్రాయింగులు, రాళ్ళ నంబర్లు, సున్నం పరీక్ష ఫలితాలు జాతీయ ఆర్కైవుకు ఇచ్చాం, పనికిరాని నమూనాల ఫోటోలతో సహా. ఉత్తరపు గోడ మీద సిమెంటు ఇంకా అలాగే ఉంది. అక్కడ ఉబ్బు లేదు, రాయి గట్టిది, తీస్తే అంచులు పోయే చోట్లే ఎక్కువ. పడమటి గోడ ఎలా ఆరుతుందో గేజీల్లో ఇంకొన్ని చలికాలాలు చూశాకే ఆ గోడకు దరఖాస్తు పెట్టాలా వద్దా అన్నది యజమానీ మేమూ కలిసి తేలుస్తాం.